అన్ని గోల్సూ గ్లవ్ వైపే పడుతుంటే: ఒక యువ గోలీ కేస్

హైదరాబాద్‌లో ఐస్ హాకీ నేర్చుకునే గోలీ (గోల్‌కీపర్) పిల్లల గురించి నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో "గ్లవ్ చెయ్యి వీక్ సార్" అన్నదే ఎక్కువ. గ్లవ్ అంటే పక్‌ని (ఈ ఆటలో బంతికి బదులు వాడే గుండ్రటి బిళ్లని) పట్టుకునే చేతి తొడుగు. దానికి అందరూ చెప్పే పరిష్కారం కూడా ఒకటే: గోడకు టెన్నిస్ బంతి కొట్టి పట్టుకో, రోజూ చెయ్యి, అదే వస్తుంది. ఈ కేసులో అది ఎందుకు రాలేదో, అసలు కారణం మాకు ఎలా దొరికిందో రాస్తే ఇక్కడ గోలీలతో పనిచేసే మిగతా కోచ్‌లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఎవరో గుర్తుపట్టే వివరాలు తీసేశాను, రింక్ పేరు, టీమ్ పేరు కూడా చెప్పను.

నేపథ్యం

అమ్మాయికి పదిహేనేళ్ల లోపే. చిన్నప్పటి నుంచి చక్రాల స్కేట్ల మీద ఉంది, స్కేటింగ్ బాగా వచ్చు. స్కూల్లో ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా కొన్నేళ్లు ఆడింది. ఈ ఫుట్‌బాల్ సంగతి మొదట్లో మామూలు వివరంలాగే రాసుకున్నాం కానీ తర్వాత చాలా పెద్ద సంగతి అయింది. ఇన్‌లైన్ హాకీలోకి, అంటే చక్రాల స్కేట్ల మీద ఆడే హాకీలోకి, వచ్చాక టీమ్‌లో గోలీ లేకపోతే తనే ముందుకొచ్చింది. ప్యాడ్లు వేసుకోవడానికి భయపడే పిల్లల మధ్య ఆమె పక్‌కి ఎదురు వెళ్లే రకం, ఆ ధైర్యం నేర్పితే వచ్చేది కాదు.

మా పరిస్థితి తెలియనివాళ్లకు ఒక మాట. మేం ఐస్ ఎక్కాలంటే రైలెక్కి ఉత్తరానికి పోవాల్సిందే. ఏడాదంతా ప్రాక్టీస్ ఇక్కడ సిమెంట్ రింక్ మీద, ఇన్‌లైన్ స్కేట్లతో, తేలికైన ప్లాస్టిక్ పక్‌తో. ఎండాకాలంలో పొద్దున్నే ఎండ ముదరకముందే ముగించాలి, వానాకాలంలో నేల ఆరేదాకా ఎదురుచూడాలి. నెట్ మాత్రం ఐస్ హాకీ కొలతలకే వెల్డింగ్ చేయించి పెట్టుకున్నాం, 183 సెంటీమీటర్ల వెడల్పు, 122 ఎత్తు. గోల్ ముందు 1.8 మీటర్ల వ్యాసార్ధంతో అర్ధవృత్తం పెయింట్ చేశాం, క్రీజ్ అన్నమాట. ఐస్ మీదికి వెళ్లిన రోజు పిల్లలు కొత్త కొలతలతో తికమక పడకూడదని ఈ ఏర్పాటు.

సమస్య

ఆమె నా దగ్గరికి వచ్చేసరికి సమస్యకు పేరు కూడా పెట్టేసి ఉంది. దగ్గరి షాట్లు ఎడమ వైపు, అంటే గ్లవ్ వైపు పడిపోతున్నాయి, ఎక్కువగా భుజానికి, పోస్ట్‌కి మధ్య సందులోంచి. తండ్రి చాలా ఆందోళనగా ఉన్నారు, కళ్లద్దాలు అవసరమేమో అని కంటి పరీక్ష కూడా చేయించారు, చూపు బాగానే ఉంది. టీమ్ పిల్లలు ప్రాక్టీస్‌లోనే "గ్లవ్ సైడ్ కొట్టురా" అని అరవడం మొదలుపెట్టారు. ఆ వయసు పిల్లకి అది ఎంత భారమో చెప్పనక్కర్లేదు. మ్యాచ్ ముందు రోజు నిద్రపట్టడం లేదని వాళ్లమ్మ చెప్పారు.

అప్పటికే ఆమె నెలల తరబడి గోడ, టెన్నిస్ బంతి డ్రిల్ చేసి ఉంది. నేను పక్కన నిలబడి చూశాను. అద్భుతంగా పడుతోంది. దగ్గరి నుంచి వేగంగా విసిరినా, ఒక కన్ను మూసుకోమన్నా పడుతోంది. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. చెయ్యి నెమ్మది అయితే ఇక్కడ కూడా నెమ్మదిగానే ఉండాలి కదా, డ్రిల్‌లో మెరుపులా ఉన్న చెయ్యి మ్యాచ్‌లో మాత్రమే ఎందుకు ఆలస్యం అవుతుంది? టెన్షన్ అనుకోవచ్చు, చాలామంది అలాగే అనుకున్నారు. కానీ టెన్షన్ ఉంటే రెండు వైపులా గోల్స్ పడాలి, దూరం నుంచి కొట్టినవీ పడాలి. ఆమె దూరం షాట్లు హాయిగా ఆపుతోంది, బ్లాకర్ వైపు, అంటే స్టిక్ పట్టుకునే కుడి చేతికి పలకలాంటి తొడుగు ఉండే వైపు, దాదాపు ఏమీ పోవడం లేదు. ఒక వైపే, దగ్గరి నుంచే పడుతున్నాయంటే దానికి ఏదో లెక్క ఉండాలి.

కాబట్టి చెయ్యి సంగతి పక్కన పెట్టి మిగతా అవకాశాలు ఒక్కొక్కటే చూశాం.

మొదటిది, తొందరగా మోకాళ్ల మీదికి దిగడం. ఇప్పటి పిల్లలు వీడియోల్లో ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) గోలీలను చూసి బటర్‌ఫ్లై నేర్చుకుంటారు. మోకాళ్లు కలిపి, ప్యాడ్లు రెండు పక్కలా నేలమీద పరిచి కింది భాగమంతా మూసేసే పద్ధతి అది. గ్లెన్ హాల్ అనే పాత గోలీ కాలంలోనే దాని మొదటి రూపం కనిపించినా, 1980ల రెండో సగంలో గోలీ పాట్రిక్ రాయ్, ఆయన కోచ్ ఫ్రాంస్వా అలేర్ కలిసి దాన్ని ఒక పూర్తి పద్ధతిగా చేశారు. పక్ బయల్దేరకముందే దిగిపోతే పై మూలలు ఖాళీ అవుతాయి, షూటర్ తాపీగా పైకి ఎత్తి కొడతాడు. ఇదే అయివుంటుందని నేను గట్టిగానే అనుకున్నాను. నెట్‌కి పక్కగా ఫోన్ పెట్టి తీసిన వీడియో నెమ్మదిగా తిప్పి చూస్తే ఆమె దిగే సమయం సరిగ్గానే ఉంది, పక్ స్టిక్ బ్లేడ్‌ని వదిలాకే దిగుతోంది. ఇది కాదు.

రెండోది, గ్లవ్ పట్టుకునే ఎత్తు. కొందరు గ్లవ్‌ని మోకాలి దగ్గర వేలాడదీస్తారు. ఆమె నడుముకి కాస్త పైన, శరీరానికి ముందు, అరచెయ్యి పక్ వైపు చూసేలా పెడుతోంది. మార్చడానికి ఏమీ లేదు.

మూడోది లోతు, అంటే గోల్ గీత నుంచి ఎంత ముందుకు వచ్చి నిలబడుతోంది అన్నది. ఆమె గీతకి దగ్గరగా, అరమీటరు దూరంలో ఉంటోంది. ఫుట్‌బాల్ గోల్‌కీపర్లు చాలామంది మొదట్లో ఇలాగే ఉంటారు.

ముందుకు రప్పిస్తే

గోలీ ముందుకు వస్తే షూటర్‌కి కనిపించే ఖాళీ తగ్గుతుంది, ఇది అందరికీ తెలిసిందే. నేరుగా 6 మీటర్ల నుంచి షాట్ వస్తోందనుకుంటే, అరమీటరు ముందున్న గోలీ దాదాపు 168 సెంటీమీటర్ల వెడల్పు కాపాడాలి, మీటరున్నర ముందుకు వస్తే 137 చాలు. అందుకని క్రీజ్ అంచు దాకా రమ్మన్నాం. ఇది ఏ పుస్తకం తీసినా చెప్పే సలహానే, కాదనడానికి కారణం లేదు.

ఫలితం చూసి నాకు ఆశ్చర్యమేసింది. బ్లాకర్ వైపు ఇంకా గట్టిపడింది. గ్లవ్ వైపు మాత్రం ఏ మార్పూ లేదు, అవే గోల్స్, అదే సందు. పైగా ముందుకొచ్చేసరికి అవతలి వైపు పాస్ వెళ్తే తిరిగి చేరడానికి దూరం పెరిగి, ఖాళీ నెట్‌లోకి సులభంగా నెట్టేస్తున్నారు. ఇన్‌లైన్‌లో గోలీ కాక నలుగురే ఉంటారు, ఖాళీ జాగా ఎక్కువ, అడ్డ పాస్‌లూ ఎక్కువ.

ఖాళీ తగ్గాలి అన్నది లెక్క. ఒక వైపు తగ్గి ఇంకో వైపు తగ్గలేదంటే ఆమె ఖాళీకి మధ్యలో లేదన్నమాట. అయితే షూటర్ వెనక నిలబడి చూస్తే ఆమె సరిగ్గా మధ్యలోనే కనిపిస్తోంది! నేనూ చూశాను, ఆమె పాత కోచ్ కూడా అదే చెప్పారు. ఇక్కడ కొన్నాళ్లు ఆగిపోయాం.

పక్ ఎక్కడుంది, మనిషి ఎక్కడున్నాడు

దారి దొరికింది ఫోన్ వల్లే. షూటర్ కొట్టబోయే క్షణంలో ఆట ఆపించి, పక్ ఉన్న చోట నేలమీద ఫోన్ పెట్టి ఆమెను ఫోటో తీశాం. తర్వాత అదే చోట షూటర్ ఛాతీ ఎత్తులో ఇంకో ఫోటో. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసిపోయింది. ఛాతీ దగ్గరి ఫోటోలో ఆమె నెట్‌కి నట్టనడుమ ఉంది. పక్ దగ్గరి ఫోటోలో మాత్రం ఆమె ఎడమ పక్కన నెట్ తెరిచిన తలుపులా కనిపిస్తోంది.

ఆమె నిలబడుతున్నది షూటర్ శరీరానికి ఎదురుగా. గోల్ కొట్టేది పక్. కుడిచేతి షూటర్ అయితే, అంటే కుడి చెయ్యి స్టిక్ మీద కింద పట్టుకునేవాడైతే, పక్ అతని కుడి పక్కన ఉంటుంది, చెయ్యి చాపితే శరీరం నుంచి దాదాపు మీటరు దూరంలో. అతని కుడి అంటే మన గోలీకి ఎడమ, గ్లవ్ వైపు.

లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ లెక్కే మొత్తం కేసు. షూటర్ శరీరం గోల్‌కి నేరుగా ఎదురుగా 6 మీటర్ల దూరంలో ఉంది, పక్ పక్కకు మీటరు దూరంలో ఉంది, గోలీ శరీరానికి ఎదురుగా నిలబడింది అనుకోండి. గీత నుంచి అరమీటరు ముందుంటే ఆమె తన మధ్య నుంచి గ్లవ్ వైపు సుమారు 92 సెంటీమీటర్లు అందుకోవాలి, బ్లాకర్ వైపు 76. మీటరున్నర ముందుకొస్తే గ్లవ్ వైపు 94, బ్లాకర్ వైపు 44. చూశారా, మీటరు ముందుకొచ్చినా గ్లవ్ వైపు ఒక్క సెంటీమీటరు కూడా లాభం లేదు, లాభమంతా ఇప్పటికే బాగున్న వైపుకి పోయింది. అదే మీటరున్నర దగ్గర పక్కకి పాతిక సెంటీమీటర్లు, అంటే జానెడు పైన, జరిగి పక్‌కి ఎదురుగా నిలబడితే రెండు వైపులా 69 చొప్పున సరిపోతుంది. 69 అంటే గ్లవ్ అలవోకగా అందుకునే దూరం. 94 అంటే పడి దూకాల్సిన దూరం, దగ్గరి షాట్‌కి అంత టైమ్ ఎవరికీ ఉండదు.

దూరం షాట్లు ఎందుకు ఆపుతోందో కూడా ఇందులోనే ఉంది. అదే మీటరు పక్కదనం 12 మీటర్ల నుంచి అయితే తేడా పాతిక నుంచి పన్నెండు సెంటీమీటర్లకు పడిపోతుంది, ఆలోచించే టైమ్ కూడా ఉంటుంది. ఆ తేడాని ఆమె చేతి వేగం కప్పేస్తోంది. నిజానికి ఆ అమ్మాయి చెయ్యి మంచిది కాబట్టే సమస్య ఇన్నాళ్లు బయటపడలేదు.

ఎప్పుడూ గ్లవ్ వైపే ఎందుకు అన్నది మిగిలింది. ఇది మన ఊరి సంగతి. హైదరాబాద్, సికింద్రాబాద్ అంటే మామూలు హాకీ బలంగా ఉన్న చోటు, మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్ ఇక్కడివాడే. ఆ హాకీలో స్టిక్కులన్నీ కుడిచేతివే, ఎడమచేతి స్టిక్ అనేదే ఉండదు. మన దగ్గర పిల్లలు, వాళ్లకు నేర్పే పెద్దవాళ్లు అక్కడి నుంచే వచ్చారు, లేదా వాళ్లను చూసి పట్టుకోవడం నేర్చుకున్నారు. ఎడమచేత్తో రాసే పిల్లాడు కూడా స్టిక్ ఇస్తే కుడి చెయ్యే కింద పెడతాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎడమ షాట్, అంటే ఎడమ చెయ్యి కింద పట్టుకునే, ఆటగాళ్లే ఎక్కువ. మా రింక్ మీద ఆమెకు ఎదురయ్యేవాళ్లు దాదాపు అందరూ కుడి షాట్. కాబట్టి ఆమె పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు బయటపడుతోంది, అందరూ దానికి గ్లవ్ అని పేరు పెట్టారు.

ఇదంతా ఊహే కావచ్చు కదా, అందుకే పరీక్ష పెట్టాం. నాతో పనిచేసే కోచ్ ఎడమ షాట్. ఆయన్ని అదే దూరంలో, అదే చోట నిలబెట్టి కొట్టమన్నాం, ఆమెకు ఏమీ చెప్పలేదు. గోల్స్ బ్లాకర్ వైపు పడ్డాయి, అప్పటిదాకా ఎవరూ పడగొట్టలేని వైపు. ఆమె మాస్క్ పైకెత్తి "ఇదేంది సార్, ఈ సైడ్ నాకెప్పుడూ పడదు కదా" అంది. అప్పుడు ఫోటోలు రెండూ చూపించాను. చాలాసేపు చూసింది. తన చెయ్యి బాగానే ఉందని అర్థమైనప్పుడు ఆ పిల్ల ముఖం చూడాల్సింది.

శరీరాన్ని ఎందుకు చూస్తున్నావని అడిగితే చక్కటి జవాబు చెప్పింది: "భుజం చూస్తే ఎప్పుడు కొడతారో ముందే తెలుస్తది సార్." ఇందులో నిజముంది, దాన్ని పోగొట్టకూడదు. ఫుట్‌బాల్‌లో బంతి కాలి దగ్గరే ఉంటుంది, మనిషికి ఎదురుగా నిలబడితే బంతికి ఎదురుగా నిలబడ్డట్టే. ఆ అలవాటు అక్కడ సరైనది. హాకీలో స్టిక్ పొడవు మధ్యలో వచ్చి ఆ రెండింటినీ విడదీస్తుంది. షాట్ ఎప్పుడు వస్తుందో పసిగట్టడానికి భుజం చూడొచ్చు, ఎక్కడ నిలబడాలో తేల్చుకోవడానికి మాత్రం పక్‌నే చూడాలి.

ఏం చేశాం

పాత పద్ధతే, తాళ్లు. రెండు పోస్టులకు రెండు తాళ్లు కట్టి, కొసలు రెండూ పక్ దగ్గర కలిపి పట్టుకున్నాం. గోలీ ఆ త్రికోణంలో రెండు తాళ్లకు సమాన దూరంలో ఉండాలి. దీన్ని చాలామంది కోచ్‌లు చేయిస్తారు, కానీ తాడు కొసని షూటర్ చేతిలోనో నడుముకో కట్టేస్తారు, సౌకర్యం అని. అలా చేస్తే మనం తప్పుని ఇంకా గట్టిగా నేర్పినట్టే అవుతుంది. కొస పక్ దగ్గరే ఉండాలి, నేలమీద.

దానికి మేం రెండు మార్పులు కలిపాం. మొదటిది, పక్ కదలకుండా ఉంచి షూటర్ దాని చుట్టూ అటూ ఇటూ తిరుగుతాడు, ఒకసారి కుడి స్టిక్‌తో, ఒకసారి ఎడమ స్టిక్‌తో. గోలీ కదలకూడదు. వినడానికి తేలిక, చేయడానికి ఆమెకు చాలా కష్టమైంది, మనిషి కదిలితే పాదాలు వాటంతటవే కదిలేవి. రెండోది దీనికి తలకిందులు, షూటర్ కదలడు, స్టిక్‌తో పక్‌ని మాత్రమే శరీరం ముందు నుంచి అటూ ఇటూ లాగుతాడు. గోలీ ప్రతిసారీ చిన్న చిన్న అడుగులతో జరిగి, ఛాతీ పక్ వైపు తిప్పి, పాదాలు ఆపాలి. మంచి షూటర్లు కొట్టే ముందు పక్‌ని తమ వైపుకి గుంజుకుని కోణం మార్చేస్తారు, శరీరం చూసేవాళ్లకి అది తెలియనే తెలియదు.

షాట్లు ఇంకా మొదలుపెట్టలేదు, గమనించండి. కొన్ని వారాలు పక్ కొట్టనివ్వలేదు. తండ్రి ఒకసారి మర్యాదగానే అడిగారు, గోలీకి షాట్లు కొట్టకుండా ఏం ప్రాక్టీస్ సార్ అని. షాట్ వస్తే ఆమె చెయ్యి ముందుకొచ్చి కాపాడేస్తుంది, ఆగిపోయింది కాబట్టి నిలబడ్డ చోటు సరైనదే అనుకుంటుంది, ఆ చెయ్యిని కొన్నాళ్లు సాక్ష్యం చెప్పనివ్వకూడదని వివరించాను. ఆయన ఒప్పుకున్నారు. ఎవరైనా ఈ పద్ధతి పాటిస్తే ఈ దశలో తొందరపడొద్దని నా గట్టి సలహా.

ప్రతి ప్రాక్టీస్‌లో మధ్యమధ్య "ఆగు" అని అరిచి, ఎక్కడివాళ్లం అక్కడ ఆగి, పక్ దగ్గర ఫోన్ పెట్టి ఫోటో తీసేవాళ్లం. ఫోటో చూసే ముందు ఆమే చెప్పాలి, తను సరిగ్గా ఉందా, ఏ వైపుకి ఎంత తప్పిందో. మొదట్లో ఆమె అంచనా, ఫోటో వేర్వేరుగా ఉండేవి. అవి రెండూ కలవడం మొదలైనప్పుడు షాట్లు మొదలుపెట్టాం.

ఆ తర్వాత వచ్చిన చిక్కు

కుదిరింది అనుకునే లోపు బ్లాకర్ వైపు గోల్స్ మొదలయ్యాయి. ఆమె అతిగా జరుగుతోంది, గ్లవ్ వైపు మళ్లీ పడుతుందన్న భయం ఇంకా పోలేదు. దీనికి కొత్త డ్రిల్ ఏదీ పెట్టలేదు, నెట్‌ని గుర్తుపట్టే అలవాటు నేర్పాం. ప్రతి ఆట ఆగినప్పుడు వెనక్కి వెళ్లి స్టిక్‌తో ఒక పోస్ట్, గ్లవ్‌తో ఇంకో పోస్ట్ తాకి రావాలి. క్రీజ్ గీత మీద మధ్య బిందువు ఎక్కడుందో కాలికి తెలియాలి. వెనక గోల్ ఎక్కడుందో నమ్మకం లేని గోలీ పక్‌కి ఎదురుగా ఉన్నాననే అనుకుంటుంది, కానీ ఏ బిందువు నుంచి పక్‌కి గీత గీస్తోంది? నెట్ మధ్య నుంచే గీయాలి కదా.

లోతు విషయంలో కూడా రాజీ పడ్డాం. షూటర్ ఒంటరిగా వస్తే క్రీజ్ అంచు దాకా రావడం, పక్కన పాస్ అందుకునేవాడు ఖాళీగా ఉంటే మడమలు క్రీజ్ లోపలే ఉంచడం. కోణం సరిగ్గా ఉంటే అంత ముందుకు రావాల్సిన పని లేదు. ఈ నిర్ణయం ఆమెకే వదిలేశాం, ఆ క్షణంలో బెంచ్ నుంచి అరిచి చెప్పేది కాదు.

ఐస్ మీద

ఉత్తరాదిలో క్యాంప్‌కి వెళ్లినప్పుడు అసలు పరీక్ష. ఐస్ పక్ గట్టి రబ్బరు, 156 నుంచి 170 గ్రాములు, దాని దెబ్బే వేరు. దానికి ఆమె త్వరగానే అలవాటు పడింది. ఇబ్బంది పెట్టింది జారడం. సిమెంట్ మీద చక్రాలు పక్కకు జారవు, అడుగులు వేసి చేరాలి, అడుగు ఆగితే మనిషి ఆగినట్టే. ఐస్ మీద ఒక్క తోపుతో బ్లేడ్ జారుకుంటూ పోతుంది, ఆపకపోతే సరైన కోణం దాటిపోతుంది. మొదటి రోజుల్లో ఆమె ఎక్కడికి వెళ్లాలో సరిగ్గా తెలుసుకుని కూడా అక్కడ ఆగలేకపోయింది. కాబట్టి ఆ క్యాంప్‌లో మేం గ్లవ్ జోలికి పోకుండా స్కేట్ లోపలి అంచు ఐస్‌లో గుచ్చి ఆగడం, టీ-పుష్ (ఒక పాదం వెళ్లే వైపు తిప్పి రెండో కాలితో తోయడం), షఫుల్ (పక్కకి చిన్న చిన్నగా జరగడం), ఇవే చేయించాం. అక్కడ ఎడమ షాట్ ఆటగాళ్లు కూడా ఎదురయ్యారు. ఆమెకు వాళ్లు కొత్తగా అనిపించలేదు, రెండు రకాల స్టిక్కులతో తాళ్ల డ్రిల్ చేసి ఉండటం అక్కడ ఫలించింది.

గ్లవ్ వైపు గోల్స్ పూర్తిగా ఆగిపోలేదు, ఎవరికీ ఆగవు. కానీ ఇప్పుడు పడేవి రెండు వైపులా పడుతున్నాయి, ఎక్కువగా ముందు మనుషులు అడ్డుండి పక్ కనబడనప్పుడు, లేదా రిబౌండ్ మీద, అంటే ఆపిన పక్ తిరిగి ముందుకు పడినప్పుడు. టీమ్ పిల్లలు "గ్లవ్ సైడ్" అని అరవడం మానేశారు.

మిగతా కోచ్‌లకు నేను చెప్పేది, గోల్స్ ఒకే వైపు పడుతుంటే గ్లవ్ డ్రిల్ రాసిచ్చే ముందు ఒక ఎడమ షాట్ మనిషిని తెచ్చి కొట్టించండి. గోల్స్ అవతలి వైపుకి మారితే సమస్య నిలబడే చోటులో ఉంది. మారకపోతే అప్పుడు చెయ్యిని అనుమానించండి, కంటిని అనుమానించండి. ఎడమ షాట్ మనిషి దొరక్కపోతే ఫోన్ ఉంది, పక్ దగ్గర నేలమీద పెట్టండి. షూటర్ వెనక నిలబడి గోలీని అంచనా వేయకండి, అక్కడి నుంచి చూస్తే ఈ రకం గోలీలందరూ సరిగ్గానే కనిపిస్తారు.

ప్రస్తుతం ఆమెతో నెట్ వెనక నుంచి వచ్చే ఆట మీద పనిచేస్తున్నాం. పక్ గోల్ గీతకి వెనక ఉన్నప్పుడు పోస్ట్‌కి ఒక ప్యాడ్ ఆనించి మూసే పద్ధతి ఐస్ మీద చక్కగా కుదురుతుంది, గరుకు సిమెంట్ మీద ప్యాడ్ జారదు కాబట్టి దాన్ని ఇక్కడ నిలబడే నేర్పాల్సి వస్తోంది. అక్కడా పాత అలవాటు తొంగిచూస్తోంది, నెట్ చుట్టూ తిరిగే మనిషిని మెడ తిప్పి వెతుకుతుంది, పక్ అప్పటికే స్టిక్ చివర అవతలి పోస్ట్ దగ్గరికి చేరి ఉంటుంది. తాళ్లు ఇక్కడ పనికిరావు, నెట్టే అడ్డం. దీనికి ఫోన్‌ని క్రాస్‌బార్‌కి కట్టి పైనుంచి తీస్తున్నాం.